తరుగు లేని కాటా

పేషెంటు బరువు పదిమందికీ వినపడేలా చెప్పడమంటే సత్యదుర్గకు ఒళ్లుమంట. అమలాపురంలో ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో, గుండె స్కాన్ గది ముందున్న కాటాకు పచ్చ తెర కట్టించింది ఆవిడే. మనిషిని తెర వెనక్కి తీసుకెళ్లి, అంకె తనొక్కతే చూసి, లోపల మందు సిద్ధం చేసే వీరవెంకటరమణకు గొంతు తగ్గించి చెబుతుంది. చాదస్తమని తోటివాళ్లు నవ్వుకుంటారు. చాదస్తం కాదు, కడుపుమంట.

ఎనిమిదో తరగతి సెలవుల్లో ఆవిడ నాన్న శ్రీరాములుతో కలిసి ఎండుకొబ్బరి బస్తాల మీద కూర్చుని సంబరంగా అంబాజీపేట వెళ్లింది. బొద్దుగా ఉన్న పిల్లను చూసి, కొబ్బరి కొనే కొట్టు యజమాని మాణిక్యాలరావుకు సరదా పుట్టింది. "దీన్నీ తూయరా అంజిబాబూ" అని కాటా ఎక్కించాడు. కాటా మనిషి అంజిబాబు తూకం చెప్పే రాగంలోనే "క్వింటా!" అని అరిచాడు. పిల్ల ఏడ్చింది. "తడి సరుకురా, తరుగు తియ్యి" అన్నాడు మాణిక్యాలరావు. కొబ్బరి తడిగా ఉందంటూ తూకంలో కోసేసేదాన్నే అక్కడ తరుగంటారు. హమాలీలు విరగబడి నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు, ఆయన సరుకు ఇంకా కాటా ఎక్కలేదు.

ఆ పేరు ఆవిడకంటే ముందు బడికి చేరింది. కాలేజీ బస్సులో క్వింటా. చివరికి పెళ్లి పందిట్లోనూ వెనకనుంచి ఎవడో క్వింటా అన్నాడు. మనిషి చిక్కింది గానీ పేరు చిక్కలేదు.

అలాంటి మాణిక్యాలరావు ఒక ఉదయం ఆయాసపడుతూ ఆ హాల్లోకి వచ్చాడు. వెనకాల సంచి పట్టుకుని అదే అంజిబాబు. దొరికాడురా దేవుడా అనుకుంది సత్యదుర్గ.

"బరువు చూడాలండీ బాబాయిగారూ."

"చూసేదేవుందమ్మా, తొంభై రాసుకో. జన్మంతా కాటా ముందు కూర్చున్నోణ్ణి. ఈ బట్టలూ ఉంగరాలూ మొలతాడూ తరుగు తీసేస్తే సరిగ్గా తొంభై."

ఆవిడ కలం పట్టుకుని ఆగిపోయింది. గుండెకు చేరిన మందు నుంచి వచ్చే కిరణాలతోనే ఫొటో పడుతుంది. ఒళ్లు భారీగా ఉంటే అవి దారిలోనే చాలావరకు ఆగిపోతాయి, కాబట్టి బరువును బట్టి మందు పెంచాలి. తొంభై అని రాస్తే ఫొటో మసగ్గా వస్తుంది. ఆ మసకలో గుండె రక్తనాళంలోని పూడిక దాక్కున్నా దాక్కోవచ్చు. తప్పు ఆయనదే, అంకె ఆయన చెప్పిందే. ఆ ఆలోచన ఒక్క క్షణం బెల్లంముక్కలా తియ్యగా తగిలింది.

"నేను శ్రీరాములుగారి అమ్మాయినండీ, ముమ్మిడివరం. గుర్తున్నానా?"

"ఏ శ్రీరాములమ్మా? నా కొట్టుకి ఎంతమంది శ్రీరాములొచ్చేరో!"

మర్చిపోయాడు! ఇన్నేళ్లు తను మోసింది ఈయనకు గుర్తు కూడా లేదు. తొంభై రాస్తే పగ తీరుతుందేమో గానీ, తీరినట్టు ఎవరికి తెలుస్తుంది? కావలసింది చాటుమాటు పగ కాదు. ఆవిడ కలం జేబులో పెట్టేసింది.

"కాటా ఎక్కాల్సిందేనండీ. లోపల గాలాడదు" అంటూ, ఎవరికోసమూ తియ్యని పచ్చ తెరను ఈ చివరి నుంచి ఆ చివరికి లాగేసింది. హాలు నిండా జనం. మాణిక్యాలరావు గునుస్తూ ఎక్కాడు. అంకెలు నిలబడ్డాయి. ఆవిడ నోరు తెరిచేలోపే, జీవితమంతా కాటా ముందు నిలబడ్డ అంజిబాబు అలవాటు కొద్దీ రాగం ఎత్తుకున్నాడు.

"క్వింటా పన్నెండూ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీల వెంట పాకింది. మాణిక్యాలరావు మొహం కందగడ్డయింది. "తరుగు తియ్యరా వెధవా!" అని అరిచాడు.

"ఆయ్" అని అంజిబాబు బిక్కమొహం వేసి సత్యదుర్గ వైపు చూశాడు.

"ఇక్కడ తరుగు లేదండీ" అంది ఆవిడ, హాలంతా వినేలా. "రమణా, నూట పన్నెండు. తగ్గకుండా వెయ్యి."

సూది గుచ్చుతుంటే ఆయన సన్నగా గొణిగాడు. "అందర్లో అంత గట్టిగా చెప్పించాలా అమ్మా?"

"నేను చెప్పించలేదండీ. మీ కాటా మనిషే చెప్పేడు."

ఫొటో స్పష్టంగా వచ్చింది, పూడికతో సహా. స్టెంటు వేశారు. తర్వాత మందుల కోసం వచ్చిన అంజిబాబు నవ్వు ఆపుకోలేక చెప్పాడు. "ఊళ్లో అయ్యగారి పేరు ఎవరూ అనట్లేదండీ. లారీవాళ్లు కూడా క్వింటాగారున్నారా అని అడుగుతున్నారండీ."

సత్యదుర్గకు జాలి కలగలేదు. పండగలా ఉంది.

"ఇప్పుడు గుండె బాగుందా ఆయనకి?"

"ఆయ్, దివ్యంగా ఉందండీ. ఇంకో ఇరవయ్యేళ్లు ఢోకా లేదన్నారండీ డాక్టరుగారు."

ఆ మాటకు ఆవిడ మనసారా సంతోషించింది. బతకాలి. ఆ పేరు మొయ్యడానికి మనిషంటూ ఉండాలి కదా.