మూసిన తేనెపెట్టె

ఆండాళమ్మది పెద్ద నోరు. కదిర్కామంలో ఆమె చేత తిట్లు తినని వాడు లేడు. తేనెటీగల దగ్గర మాత్రం గొంతు తగ్గించేది. మిల్లులో పనిచేసిన మొగుడు విజయరంగన్ తాటితోపులో దొరికిన ఈగల్ని చెక్కపెట్టెలో పెట్టి, మరుసటి ఏడే కన్నుమూశాడు. పిల్లాజెల్లా లేని ఇంట్లో ఆ తర్వాత మిగిలింది ఆమె, ఆ ఈగలు. పొద్దున్నే అవి కంచె దాటి మునుసామి నువ్వుచేను మీద వాలితే, తన వాళ్లు పనికి పోయినట్టే మురిసిపోయేది.

అరవై రెండు ఆగస్టులో చేను పూత మీద ఉండగా పురుగు పడింది. మునుసామి మంచివాడు, ముందురోజే వచ్చి చెప్పాడు.

"అత్తా, రేపు తెల్లారి ముత్తు వచ్చి మందుపొడి చల్లతాడు. పొడి అణిగేదాకా నీ ఈగల్ని బయటికి ఇడవబాక."

తెల్లవారకముందే ఆమె పెట్టె వాకిలికి తడిగుడ్డ కుక్కి, సందులకు మట్టి మెత్తింది. ఏ పనీ సగం చేసే మనిషి కాదు. ఎండెక్కినా ముత్తు రాలేదు. ఏలుబడి ఎనిమిదేళ్ల కిందటే మారినా, ఆ రోజు కాగితాల మీద కూడా ఊరు ఫ్రాన్సు చేతిలోంచి ఇండియా చేతికి వస్తోందని, జనమంతా జెండా చూడటానికి సముద్రపు ఒడ్డుకు పోయారు. అడుగుదామంటే వీధిలో మనిషి లేడు. గుడ్డ తీయబోయి రెండుసార్లు ఆగింది. తీసిన మరుక్షణం ముత్తు వస్తే? లోపల రొద పెరిగింది. "ఒక్క పూట ఓర్చుకోండమ్మా, మీ మంచికే గదా" అంటూ పెట్టె మీద నీళ్లు చల్లి, విసనకర్రతో విసిరింది. మధ్యాహ్నం దాటాక రొద తగ్గింది. మాట విన్నాయనుకుని ఆమె కాస్త నడుం వాల్చింది.

సాయంత్రం మునుసామి ఊర్లో పంచిన మిఠాయి తెచ్చాడు.

"ముత్తు యాడ వస్తాడత్తా? జెండా చూడను పోయినాడు. నేనూ ఆడనే ఉంటిని. నీకు చెప్పి పంపను మరిచిపోతిని."

ఆండాళమ్మ గుడ్డ లాగింది. ఒక్కటీ బయటికి రాలేదు. మూత ఎత్తితే కరిగిన మైనం, కారిన తేనె, అందులో తడిసి ముద్దయిన ఈగలు. ఉక్కకు ఊపిరాడక చచ్చిపోయాయి. కంచె అవతల చేను మీద చిటికెడు పొడి కూడా పడలేదు.

ఊరంతటినీ తిట్టిన నోరు ఆ రోజు మునుసామిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే అతని మనసు కొంత తేలికపడేది. తన చేత్తో తానే మూసింది కదా, ఇంకెవరిని తిడుతుంది?

రెండు రోజుల తర్వాత మునుసామి కంచె దగ్గరికొచ్చి తలవంచుకుని నిలబడ్డాడు.

"అత్తా, ముత్తు వచ్చుండాడు. మందు ఎప్పుడు చల్లమంటావు?"

ఆమె చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నీ ఇష్టమొచ్చినప్పుడు చల్లించుకో నాయనా. ఇంక నన్ను అడగబళ్లేదు."