రేకుల మీద ఆరేసిన స్ప్లింట్లు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మే నెలలో, దమ్మపేట దాటి అడవి వైపు వెళ్లే దారిలోని ఒక చిన్న ఆసుపత్రికి నన్ను హెడ్ నర్సుగా వేశారు. హెడ్ నర్సంటే వార్డుకు వచ్చే ప్రతి వస్తువునూ స్టాకు రిజిస్టరులో ఎక్కించి, దాని మంచిచెడ్డలకు సంతకంతో జవాబు చెప్పాల్సిన మనిషి.

ఆ నెలలోనే నగరంలోని ఒక పరిశోధన సంస్థ నుంచి ఒక ఇంజనీరు డజను ప్లాస్టిక్ పలకలు తెచ్చాడు. పలక మీద నల్ల గీతలుంటాయి. ప్రత్యేకమైన దీపం కింద పెడితే ఆ గీతలు వేడిని పీల్చుకుని ముడుచుకుంటాయి. పలక తనంతట తానే మడతపడి, విరిగిన కాలికి ఆనించే స్ప్లింట్ అవుతుంది. జపానువాళ్ల కాగితపు మడతల విద్య నుంచి పుట్టిందట. రేపు ఇదే పద్ధతిలో గుండె నాళాల్లోకి మడిచి పంపే గొట్టాలు, ఉపగ్రహాల రెక్కలు, వరదల్లో వాటంతట అవే లేచే గుడారాలు వస్తాయని గంటసేపు చెప్పాడు. రావచ్చు. ఆ గంటలో రెండుసార్లు కరెంటు పోయి ఆయన దీపం ఆరిపోయింది. దాని గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

వాడే ముందు మందునీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలని ఆయనిచ్చిన కాగితంలో ఉంది. మా ఆసుపత్రిలో ఆరనివ్వడమంటే ఎండలో వేయడమే. ఆయా మరియమ్మకు చెప్పాను. ఆమె పదకొండు పలకలను సైకిల్ షెడ్డు రేకుల మీద పరిచింది. పన్నెండోది ఆయన సంచిలోనే ఉంది. మధ్యాహ్నానికి పదకొండూ కాల్చిన అప్పడాల్లా ముడుచుకుపోయాయి. వాటిలో ఎవరి కాలూ లేనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఇంజనీరు వెంటనే పైఅధికారులకు లేఖ రాశాడు: కింది స్థాయి సిబ్బంది అజాగ్రత్త వల్ల ప్రయోగం విఫలమైందని. కింద నా సంతకం కావాలన్నాడు. మరియమ్మది అవుట్‌సోర్సింగ్ కొలువు. ఆ ఒక్క వాక్యం చాలు, ఏజెన్సీవాళ్లు మర్నాడే ఇంటికి పంపేస్తారు.

"నేనేం జేసిన సిస్టరమ్మా? దుప్పట్లు ఆరేసినట్టే ఆరేసిన," అంది మరియమ్మ.

ఎండకు ఇవి మడతపడే ప్రసక్తే లేదని, దీపం ఉండాల్సిందేనని ఆయన వాదన.

"ఏంది సారూ, మీ దీపం మా ఎండకన్న పెద్దదా? సంచిల ఉన్నది గూడ పెట్టి సూడుండ్రి."

ఆయన ధీమాగా వెళ్లి, పన్నెండో పలకను తన చేత్తోనే రేకుల మీద పెట్టి వచ్చాడు. టీ తాగడం పూర్తికాకముందే అదీ ముడుచుకుంది.

"అవ్, సారు చేతుల గూడ అజాగ్రత్తనే ఉన్నది," అంది మరియమ్మ.

ఆయన లేఖ మాత్రం మారలేదు. 'స్థానిక పరిస్థితులు' అన్న మాట ఒకటి చేరిందంతే. అంత చదువుకున్నవారికి సూర్యుడు కూడా స్థానికుడే.

నేను బడిలో కూర్చున్నది తక్కువ. మా నాయన ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని, ఒక్క మాటా దాటనివ్వకుండా చదివించాడు. ఆ మేలు అప్పుడు అక్కరకొచ్చింది. ఇంజనీరిచ్చిన కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, లేఖ కింద ఇలా రాశాను: 'ఎండలో ఆరెయ్యమన్నది నేను. ఎండలో పెట్టొద్దన్న మాట మీ కాగితంలో ఎక్కడా లేదు.' దాని కింద సంతకం పెట్టాను. ఆ లేఖను ఆయన ఎవరికీ పంపలేదు. మరియమ్మ కొలువు నిలిచింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ఒకదాన్ని గంటసేపు ఆ రేకుల మీద పెట్టించి, ఆ పైనే రిజిస్టరు తెరిచాను.