పైల్వాన్ మోకాలు

ఆ రోజుల్లో కొండాపూర్‌కు దారి తప్పినవాళ్లు తప్ప ఎవరూ వచ్చేవారు కారు. ఇప్పుడు అక్కడ రోడ్డు దాటడానికి నిలబడే సేపట్లో అప్పుడు ఊరంతా చుట్టి రావచ్చునంటే మా మనవరాలు నమ్మదు. (దాని ఆఫీసు ఉన్నచోట నేను సీతాఫలాలు కోశానన్నా నమ్మదు.) ఊరి చుట్టూ ఎవరో పేర్చి మర్చిపోయినట్టు బండరాళ్లు, వాటి మధ్య పొదలు, జొన్నచేలు ఉండేవి. పోలీసు చర్య అయిపోయి గడబిడ అణిగిన కొత్తలు కావడంతో, భయం పోయినా పొద్దుగూకక ముందే తలుపులు వేసుకునే అలవాటు జనానికి ఇంకా పోలేదు. ఆ ఊరికి నేను పదిహేడేళ్ల వయసులో కాపురానికి వచ్చాను. ఒంటరితనం అనే పెద్ద మాట నాకప్పుడు తెలియదు. పొద్దు పోవడం లేదు అనుకునేదాన్ని, అంతే.

నా పుట్టిల్లు జగ్గయ్యపేట పక్కన. అక్కడ మేం పిల్లల్ని కూడా అండీ అని పిలుస్తామని కొండాపూర్ ఆడవాళ్ల నమ్మకం. వచ్చిన కొత్తలో బావి దగ్గర నోరు తెరిచి, "కాస్త చేద ఇస్తారాండీ?" అన్నాను. నిండిన బిందెలు కూడా కింద పెట్టి మరీ నవ్వారు. "ఏందమ్మో, గీ పిల్ల బొక్కెనను గూడ అండీ అనేటట్టున్నది!" అంది ఒకావిడ. ఆ పూటనుంచి నా పేరు అండీ కోడలు. నేను నోరు మూసుకుని నీళ్లు తోడుకోవడం నేర్చుకున్నాను. మా ఆయన పట్నంలో పశువుల దవాఖానలో కాంపౌండరు. శనివారం సాయంత్రం సైకిల్ మీద వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవారు. మా అత్తగారేమో మదీనాగూడలో ఉన్న మా ఆడపడుచు పురుటికని వెళ్లి, మనవణ్ని వదిలి రాలేక అక్కడే ఉండిపోయారు. ఇక ఇంట్లో నేను, రెండు నీళ్ల గోలాలు, ఒక రోకలి.

అటువంటి ఇంటికి ఒక ఆదివారం పొద్దున మనుషులు మంచం మోసుకుంటూ వచ్చారు. మంచం మీద దూడంత కుక్క. ముందు నడుస్తున్న దొర భుజాన తుపాకీ. అవతల నానక్‌రామ్‌గూడ గుట్టల్లో శికారుకు వచ్చారట. కుందేలు వెంట దూకినప్పుడు కుక్క వెనక కాలు రాళ్ల సందులో ఇరుక్కుని మోకాలు మెలిపడిందట. పశువుల డాక్టరు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరో మా ఇల్లు చూపించారు. మా ఆయన బయటికి వచ్చి, తాను డాక్టరు కాదని మొదట చెప్పుకున్నారు, తర్వాత కాలు చూశారు. బండిలో వేసి పట్నం పంపితే ఆ కుదుపులకు కాలు ఇంకా చెడుతుందని, పెద్ద డాక్టరునే పిలిపించమని అన్నారు. దొర గుట్టల దగ్గర వదిలి వచ్చిన జీపును పట్నం పంపించి, అరుగు మీద కూలబడి, "కాలు రాకపోతే శికారుకు పనికిరాని కుక్కను ఏం జేస్కోను? నా తుపాకీతోని నేనే కాలుస్త," అన్నాడు. తలుపు చాటునుంచి అది విన్నాను. కుక్కకు తెలుగు రాదు కాబట్టి వినలేదు. దాని పేరు పైల్వాన్. ఉర్దూలో తప్ప పిలిస్తే పలికేది కాదు.

పెద్ద డాక్టరు మధ్యాహ్నానికి వచ్చారు. మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. మోకాలు ఇటూ అటూ కదిలించి చూసి, "ఎముకలను పట్టి ఉంచే లోపలి కట్టు తెగింది. కోసి కుట్టాలె. కుక్కకు ఇంతవరకు చెయ్యలేదు, గుర్రానికి చేసిన," అన్నారు. దొర ఆశగా, "గుర్రం మంచిగున్నదా?" అని అడిగాడు. డాక్టరుగారు వినిపించుకోకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. మా ఆయన వంటింటి తలుపు రెక్క ఊడదీసి రెండు గోలాల మీద పరిచారు. అదే బల్ల. దొర రక్తం చూడలేనని ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు. మంచం మోసినవాళ్లు కరుస్తుందని దగ్గరికి రాలేదు. మా ఆయన నా వైపు తిరిగారు.

"తల పట్టుకో, అంతే. అది నిద్రపోతది."

"నాకు కుక్కలంటే భయమండీ."

"దానికి గూడ భయమయితున్నది. జర పట్టుకో."

(కుక్కపిల్ల ఎదురైనా పక్కవాళ్ల అరుగెక్కే మనిషిని నేను.) పట్టుకున్నాను. ముక్కు మీద దూది పెట్టి క్లోరోఫారం చుక్కలు వేశారు. తియ్యటి వాసన. ఆ వాసన దూరంనుంచి చూస్తే ఏమీ చేయదట. నేనేమో కుక్క చెవిలో, "ఏం కాదండీ, ఏం కాదండీ," అని చెబుతూ బాగా వంగిపోయాను. చూరు వాసాలు మెల్లగా పక్కకు జరగడం దాకా గుర్తుంది. ఆ తర్వాతి సంగతి మా ఆయన చెప్పిందే. నా తల వెళ్లి కుక్క మెడ మీద ఆనిందట. డాక్టరుగారు సూది ఆపకుండానే, "కాంపౌండరూ, రెండో పేషెంటును కదిలియ్యకు, గాలి తగలనియ్యి," అన్నారట. పాపం మా ఆయన ఒక చేత్తో పనిముట్లు అందిస్తూ, రెండో చేత్తో మా ఇద్దరికీ కలిపి విసనకర్ర విసిరారు. నాకు మెలకువ వచ్చేసరికి ఎదురుగా జానెడు దూరంలో ఒక పెద్ద కన్ను తెరుచుకుంటోంది. నేను అరిచాను. అదీ అరిచింది. ఎవరు ముందు అరిచారన్నది మా ఇంట్లో ఏనాడూ తేలలేదు.

మోకాలికి పిండికట్టు వేసి, డాక్టరుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. పరుగెత్తనివ్వకూడదు, మెట్లు ఎక్కనివ్వకూడదు, బయటికి తీసుకెళ్లాలంటే కడుపు కింద గుడ్డ వేసి వెనక భాగం ఎత్తి పట్టుకోవాలి. కట్టు విప్పాక కాలు మడిచి చాపించాలి, కాపడం పెట్టాలి, నీళ్లలో నడిపించాలి. "కుట్టింది నేను. నిలబెట్టేది నువ్వమ్మా. ఒక్క దుంకు దుంకిందా, మళ్లీ కుట్టడానికి లోపల ఏం మిగలదు." కదిలించే వీలు లేదు కనుక కుక్క మా ఇంట్లోనే ఉండాలని తేల్చి, అందరూ జీపెక్కి వెళ్లిపోయారు. మర్నాడు మా ఆయన కూడా, "ఫికర్ జెయ్యకు, అదేమనదు," అని సైకిలెక్కారు. సైకిల్ గంట వినబడకుండా పోయాక నేనూ పైల్వానూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మొదట్లో అంబలి గిన్నెను పొయ్యిగొట్టంతో దూరంనుంచి నెట్టేదాన్ని. ముట్టేది కాదు. గుమ్మం వైపే చూస్తూ పడుకునేది. ఆ చూపు నాకు కొత్తేమీ కాదు, నేనూ అటే చూస్తూ కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం నాకు ఏడుపు ఆగలేదు. కారణం జొన్నరొట్టె. ఎంత తట్టినా పెనం మీదికి వెళ్లేసరికి ముక్కలైపోయేది. అన్నం తిని పెరిగిన దాన్ని, ఆ ముక్కలు పళ్లెంలో పెట్టుకుని, అమ్మను తలుచుకుని ఏడుస్తున్నాను. పైల్వాన్ పిండికట్టు ఈడ్చుకుంటూ మెల్లగా జరిగి వచ్చి, నా పళ్లెంలో ఒక ముక్క తీసుకుని తిన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. నా రొట్టె బాగుందన్న మొదటి ప్రాణి ఆయనే. అప్పటినుంచి నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఆకారానికి నువ్వు అనడం ముందునుంచీ కష్టంగానే ఉండేది లెండి.

కడుపు కింద వేయడానికి గట్టి గుడ్డ కావాలి. మా అమ్మ పెట్టిన మంగళగిరి చీర తీశాను. పదేళ్లు చిరగదని అమ్మ చెప్పినప్పుడు ఆవిడ ఊహలో ఈ పరీక్ష లేదు. రెండు కొసలూ పట్టుకుని బయటికి అడుగు పెట్టాను. ఆయన మూడు కాళ్లతోనే నన్ను లాక్కుపోయారు. బావి దగ్గర ఆడవాళ్లందరూ చేదలు వదిలేసి చూశారు. పాలు పోసే ముసలామె, అందరూ పాలవ్వ అంటారు, దారికడ్డంగా నిలబడింది.

"ఓ అండీ కోడలా! నువ్వు కుక్కను నడిపిస్తున్నవా, కుక్క నిన్ను నడిపిస్తున్నదా?"

"ఇంకా తేలలేదండీ," అన్నాను రొప్పుతూ.

మళ్లీ నవ్వారు, కానీ ఈసారి నాకూ నవ్వొచ్చింది. ఆనాటినుంచి ఎవరు ఎదురైనా, "పైల్వాన్ ఎట్లున్నడు? తిన్నడా? నొప్పి తగ్గిందా?" అని అడగడం మొదలుపెట్టారు. పాలవ్వ వెన్న తెచ్చి, "కాలుకు రాయి బిడ్డా, నువ్వు తినేవు," అని హెచ్చరించి పోయేది. నేను ఎలా ఉన్నానని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు కాబట్టి, పైల్వాన్ గురించి అడిగినప్పుడే ఇద్దరి సంగతీ కలిపి చెప్పేదాన్ని. "రాత్రి సరిగా నిద్ర పట్టలేదండీ. ఇంటి మీద బెంగలా ఉంది." మధ్యలో మా అత్తగారు ఒకసారి వచ్చారు. తన బొంత మీద వెల్లకిలా పడుకున్న పైల్వాన్‌ను చూసి, "ఇది కుక్కనా, దూడనా?" అని అడిగి, జవాబు వినకుండానే, "ఇది పోయినంకనే వస్త," అని మదీనాగూడ వెళ్లిపోయారు.

ఇక మాట్లాడటానికి మిగిలింది మేమిద్దరమే. రొట్టె తడుతూ, గిన్నెలు తోముతూ, ఆ కాలికి కాపడం పెడుతూ పొద్దంతా ఆయనతోనే మాట్లాడేదాన్ని. మా చెల్లెలు నాతో పోట్లాడిన పోట్లాటలు, మా పాలేరు ఏటిలో నీళ్లు, మా నాన్న గురక, అన్నీ చెప్పాను. ఆయన ఒక చెవి నిలబెట్టి, ఒకటి వేలాడేసి వినేవారు. కట్టు విప్పిన రోజు ఆ కాలు చెరకుగడంత సన్నగా ఉంది. దొర మాటే చెవిలో మోగింది. వెన్న రాసి, మడిచి, చాపి, మళ్లీ మడిచి, కుంటలో నడుం దాకా దిగి చీరతో ఎత్తిపట్టి నడిపించాను. ఆయన మూలిగితే నేనూ మూలిగేదాన్ని. కాలు మాత్రం నేల మీద ఆనేది కాదు. ఆనకపోతే తుపాకీ. ఆనితే వెళ్లిపోతారు. రెండింట్లో దేవుణ్ని దేనికి మొక్కుకోవాలో తెలియక, కాపాడు స్వామీ అని మాత్రం అనేదాన్ని.

ఒకనాడు పెరట్లో పాలవ్వ కోడిపుంజు వచ్చి ఆయన అన్నంగిన్నెలో తల పెట్టింది. పైల్వాన్ లేచారు. నాలుగో కాలు నేల మీద ఆనించి, దాని మీద బరువు వేసి, నిలబడి మొరిగారు. నేను చేతిలోని చెంబు పారేసి వీధి గుమ్మంలోకి పరుగెత్తాను. ఎవరికైనా చెప్పాలి. వీధిలో ఎవరూ లేరు. అందరూ చేలకు పోయిన వేళ. ఎండలో ఆ ఖాళీ దారి వైపు కాసేపు చూసి, లోపలికి తిరిగి వచ్చి, ఆయనకే చెప్పాను. "మీరు నిలబడ్డారండీ!" తోక ఊపారు. ఆయనకు అంతకుముందే తెలుసు.

ఆ తర్వాత ఒక ఆదివారం, మా ఆయన ముందురోజే చెప్పినట్టు, జీపు వచ్చింది. దొర భుజాన తుపాకీ లేదు, కానీ జీపులో ఉందేమోనని నాకు అనుమానం. డాక్టరుగారు పైల్వాన్‌ను వాకిట్లో అటూ ఇటూ నడిపించి, మోకాలు పట్టి చూసి, మొహం వెలిగిపోతుండగా లేచారు. "నడక వచ్చింది. మెల్లగా పరుగు గూడ వస్తది. దుంకుడు మాత్రం రాదు. శికారుకు పనికిరాదు." దొర జీపు వైపు తిరిగాడు. అది చూసి నేను తలుపు చాటునుంచి ఇవతలికి వచ్చేశాను. పరాయి మగవాళ్ల ముందు అంతవరకూ పెదవి విప్పి ఎరగను. ముందే కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"కాల్చకండీ! ఇక్కడే వదిలేయండీ, నేను చూసుకుంటాను!"

దొర బిత్తరపోయాడు. "ఎవరన్నరమ్మా కాలుస్తనని?"

"మీరే అన్నారండీ, ఆ రోజు, ఆ అరుగు మీద."

"పరేషాన్‌ల ఏదో అన్న," అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఆ దినం మీ ఇంటెనక గోడకు మొఖం పెట్టి ఏడ్సిన తల్లీ. మీ ఆయననడుగు."

మా ఆయన నేల చూపులు చూశారు. (ఆయనకు తెలుసు. ఆడదానికి చెప్పే మాట కాదనుకున్నారట.) అంతలో దొర, "అరే పైల్వాన్, ఆవ్ బేటా!" అన్నాడు. పైల్వాన్ ఒళ్లంతా ఊపుకుంటూ బయల్దేరారు. డాక్టరుగారు, "దుంకనియ్యకు! దుంకనియ్యకు!" అని కేక పెట్టారు. దొర ఏం చేశాడో తెలుసా? తెల్లటి షేర్వానీతో మా వాకిట్లో పేడనీళ్ల మీద వెల్లకిలా పడుకున్నాడు, కుక్క దూకనక్కర్లేకుండా. పైల్వాన్ ఆ మొహమంతా నాకేశారు.

దొరా డాక్టరుగారూ పైల్వాన్‌ను ఎత్తి జీపులో కూర్చోబెట్టారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వెళ్లనని మొరాయిస్తారేమో, నా వైపు చూసి ఏడుస్తారేమో, అప్పుడు ఎలా ఊరుకోబెట్టాలో అని రాత్రంతా బాధపడ్డాను కదా. జీపు పొదల వెనక మాయమయ్యేదాకా చూశాను. ఆయన ఒక్కసారి కూడా తల తిప్పలేదు. చెవులు గాలికి వదిలేసి దారి వైపు చూస్తూ ఇంటికి వెళ్లిపోయారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, చీర తీసి ఉతికి దండెం మీద ఆరేసి, అది కనబడకుండా వెళ్లి వెనకవైపు కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మా ఆయన సైకిల్ తుడుస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"నేనూ వస్తానండీ."

"యాడికి?"

"పట్నానికి. మీతో."

ఆయన గుడ్డ పక్కన పెట్టారు. "అక్కడ ఒక్కటే అర్ర. కిరాయిది. కిటికీ గూడ లేదు."

"ఇక్కడ కిటికీలోంచి నాకు కనబడేది ఏముందండీ?"

ఆయన ఆ పూట పనికి సెలవు చెప్పి పంపి, మదీనాగూడ వెళ్లి అత్తగారిని అడిగి వచ్చారు. ఆవిడ, "తీస్కపో. ఈడ ఒక్కతుంటే ఇంకేం జంతువును తెచ్చి పండబెడతదో," అన్నారట.

ఎడ్లబండిలో సామాను వేసుకుని బయల్దేరాం. నేను బండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. మా ఆయన పక్కనే సైకిల్ తొక్కుతూ వచ్చారు. ఊరు దాటీ దాటకముందే నేను మాట్లాడటం మొదలుపెట్టాను. పెళ్లయిన నాటినుంచి ఆయనకు చెప్పనివన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు. పదిహేడేళ్ల ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, ఊపిరి కూడా తీసుకోనిచ్చేది కాదు పాపం ఆయన్ని. "నీకు గిన్ని మాటలొస్తయా?" అన్నారు ఒకచోట, నిజంగానే ఆశ్చర్యపోయి. గులకరాళ్ల మీద బండి చక్రాల చప్పుడుకు సగం మాటలు వినబడటం లేదనుకుంటాను. కాసేపటికి ఆయన సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ, బండికి బాగా దగ్గరగా వచ్చి, నా పక్కనే నడవసాగారు.