నేను కాపాడబోయిన కోడెదూడ

ఇప్పుడు ఎవరు ఏమడిగినా "ఆలోచించి చెప్తానండీ" అనే మనిషిని నేను. ఈ పరాయి దేశంలో ఫ్లాట్ బుష్ అనే పేటలో సొంతిల్లు, గరాజ్‌లో రెండు కార్లు, దేనికైనా ఒక రాత్రి గడిచాక కానీ జవాబివ్వని పెద్దమనిషి తరహా. కానీ చదువైపోయి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఆలోచన అనేది నాకు చెయ్యి ఎత్తేశాక వచ్చేది. మౌంట్ ఆల్బర్ట్‌లో నలుగురం కలిసి ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, వంతులవారీగా వంట చేసుకునేవాళ్ళం (నా వంతు వచ్చిన రోజు మిగతా ముగ్గురికీ ఎక్కడలేని బయట పనులు గుర్తొచ్చేవి). పొలాలకు కరెంటు కంచెలు అమ్మే చిన్న కంపెనీలో కంప్యూటర్ పని నాది. ఆఫీసుకు కూడా పొలం బురదలో తొడుక్కునే రబ్బరు గంబూట్లతోనే వచ్చే మా యజమానికి ఫ్లాట్‌లో మేం పెట్టుకున్న పేరు గంబూట్ల బాస్. నా వీసా ఆ నెలాఖరుకు అయిపోతోంది. కొత్తదానికి పెట్టే కాగితాల మీద ఆయన సంతకం కావాలి. సోమవారం చేస్తానన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన నడుం పట్టేసింది. కుర్చీలోంచి లేవలేక నన్నే తన దగ్గరికి పిలిపించుకుని, "రేపు వైకాటో పల్లెల్లో పిల్లల పశువుల వేలం ఉంది. ఏటా నేనే వెళ్తాను. ఈసారి నువ్వు వెళ్ళు. కంపెనీ తరఫున ఒక జంతువును కొను. ఎనిమిది వందల డాలర్లు దాటకూడదు. దాటావో, సోమవారం నా ముఖం చూడకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఈ దేశంలో నవ్వుతూ చెప్పే మాటల్లో ఏది వేళాకోళమో ఏది నిజమో అప్పటికి నాకింకా పట్టుబడలేదు. రాత్రంతా ఎనిమిది వందలు, ఎనిమిది వందలు అని జపం చేశాను.

నాకు సొంతంగా కారు నడిపే లైసెన్సు లేదు కాబట్టి ఫ్లాట్‌లో పెద్దవాడైన కరీంనగర్ అన్న తన కారులో తీసుకెళ్ళాడు. వెళ్ళేసరికి ఒక బడి వెనక మైదానంలో గడ్డిమోపులతో గుండ్రంగా బరి కట్టి ఉంది. పద్ధతి ఏమిటో గేటు దగ్గర కూర్చున్న ఆంటీ ఒకావిడ ఓపికగా చెప్పింది. పల్లెల్లో పిల్లలు ఒక్కొక్కరు ఒక గొర్రెపిల్లనో దూడనో పుట్టిన దగ్గర్నుంచి సీసాతో పాలు పట్టి పెంచుతారు. తాడు పట్టుకుని నడిపించడం నేర్పుతారు. ఆ రోజు బరిలో తిప్పి చూపిస్తారు, జడ్జి బాగున్నవాటికి రిబ్బన్లు కడతాడు. తరువాత వేలం. ఊళ్ళో వ్యాపారస్తులు పిల్లల్ని ప్రోత్సహించడానికి మార్కెట్ ధర కన్నా ఎక్కువే పెట్టి కొంటారు. డబ్బు ఆ పిల్లకో పిల్లవాడికో చెందుతుంది. అమ్మే పిల్లల ఇంట్లోవాళ్ళు మాత్రం పాడకూడదు. జంతువును ఏం చెయ్యాలన్నది కొన్నవారి ఇష్టం. ఇదంతా చెప్పి, నా చేతిలో పదకొండో నంబరు అట్ట పెట్టింది.

నేను పెద్దగా కంగారుపడలేదు. ఎందుకంటే వేలం పాట నాకు కొత్తేమీ కాదు. తెనాలిలో మా వీధి వినాయకుడి లడ్డూ పాటలో పదో తరగతి నుంచీ నేను ఆరితేరినవాణ్ణి. అక్కడ లడ్డూ చివరికి ఎవరికి వెళ్తుందో అందరికీ ముందే తెలుసు, రైసుమిల్లు పెద్దాయనకు. కుర్రాళ్ళం పాట పెంచేది ఆయన పరువు పెరగాలని. మేం ఎంత దూరం తీసుకెళ్ళినా ఆఖరి మాట ఆయనదే. కుర్రాడి నెత్తిన లడ్డూ పడేసి నిలబెట్టిన సందర్భం మా వీధి చరిత్రలో లేదు. వేలమంటే లోకమంతటా ఇలాగే ఉంటుందని నా నమ్మకం.

పాట మొదలయ్యే ముందు దూడలు చూడబోయాం. రెండు జడల పాప ఒకతి, తొమ్మిదేళ్ళుంటాయేమో, ఎర్రటి కోడెదూడకు బ్రష్‌తో వీపు దువ్వుతోంది. దూడ ఆ పాప కోటు జేబులో మూతి దూర్చి వెతుక్కుంటోంది. "అమ్మేశాక వీడు ఎక్కడికి పోతాడు?" అని అడిగాను. "కొన్నవాళ్ళ ఇష్టం" అని, గేటు పక్కన ఆగి ఉన్న లారీ వైపు చూసి, "మగదూడలు ఎక్కువగా దాంట్లోకే" అంది. ఆ లారీ ఎక్కడికి వెళ్తుందో ఆ పాప చెప్పలేదు, నేను అడగలేదు. లారీకి ఆనుకుని తెల్లటోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు డ్రైవరుతో కబుర్లు చెబుతున్నాడు. మధ్యమధ్య మా ఎర్రదూడ వైపు చూస్తున్నాడు. (అప్పటికే 'మా' అయిపోయింది.) ఆ లారీ కబేళాకే, ఈయన దాని మనిషే అని తేల్చేసుకున్నాను.

పాట మొదలైంది. గొర్రెపిల్లలు రెండు మూడు వందలకు చకచకా పోతున్నాయి. "ఒకటి కొనెయ్‌రా బై, ఫొటో దిగి ఇంటికి పోదాం" అన్నాడు అన్న. నేను కదల్లేదు. చివరికి రెండు జడల పాప ఎర్రదూడను నడిపించుకుంటూ వచ్చింది. వేలం నడిపే ఆయన నాలుగు వందలన్నాడు. తెల్లటోపీ వేలు ఎత్తాడు. నేను అట్ట ఎత్తాను.

ఐదు వందలు, ఆరు, ఏడు. మిగతావాళ్ళు తప్పుకున్నారు. మేమిద్దరమే మిగిలాం. పాప నా వైపు చూసింది. కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపింది. ఆయనకు ఇవ్వొద్దని వేడుకుంటోందనుకున్నాను. ఎనిమిది వందలు నాది. హమ్మయ్య, ఇక్కడికి నా ధర్మం తీరింది అనుకుంటుండగానే తెల్లటోపీ మళ్ళీ వేలు ఎత్తాడు.

సోమవారం సంతకం కళ్ళ ముందు కనిపిస్తోంది. లారీ కూడా కనిపిస్తోంది. ఇంతలో మహా తెలివైన ఆలోచన తట్టింది. ఇంకొంచెం పెంచితే వీళ్ళలో ఎవరో ఒక పెద్దాయన, ఈ ఊరి రైసుమిల్లు లాంటివాడు, అడ్డుపడి దూడను దక్కించుకుంటాడు కదా! అట్ట ఎత్తాను.

"ఏందిరా, లిమిట్ దాటినవ్!" అన్న నా మోచెయ్యి పట్టి లాగాడు.

"ఆగన్నా, ఎవరో ఒకరు వస్తారు."

"ఎవడొస్తడురా? ఈడ నీ మేనమామ ఉన్నడా?"

వెయ్యి. పదకొండు వందలు. ప్రతిసారీ వెనక్కి తిరిగి పెద్దవాళ్ళ ముఖాలు చూస్తున్నాను. బరి పక్కనే నిలబడ్డ పాప తండ్రి తన బూట్లు పరీక్షించుకుంటున్నాడు. పన్నెండు, పదమూడు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. పద్నాలుగు వందలు, నాది. తెల్లటోపీ నా వైపు చాలాసేపు చూశాడు. టోపీ తీసి, నెత్తి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, లేదన్నట్టు తలూపాడు. సుత్తి పడింది. చప్పట్లు మోగాయి. నా ఉద్యోగ జీవితంలో మొదటి లడ్డూ నా నెత్తిన పడింది.

తూలుకుంటూ బరిలోకి వెళ్ళాను. వీసా పోతే పోయింది, ఒక ప్రాణం దక్కింది అని గుండె దిటవు చేసుకుని, పాపతో మెల్లగా, "భయపడకు. ఆ తెల్లటోపీ ఆయన చేతికి చిక్కనివ్వలేదు" అన్నాను.

ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆయన మా పక్క పొలం తాతయ్య. కొత్త పశువులకు దారి చూపించడానికి నెమ్మదస్తుడు ఒకడు కావాలని, వీణ్ణి కొని పెంచుకుంటానన్నాడు. నేను రోజూ వెళ్ళి చూసుకోవచ్చన్నాడు. వద్దని నీకు తల ఊపాను కూడా" అంది. తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "ఇప్పుడు నువ్వు వీణ్ణి ఏం చేస్తావు?"

మౌంట్ ఆల్బర్ట్ ఫ్లాట్‌లో బట్టలారేసుకునే జాగా గుర్తొచ్చింది. ఈ ఊళ్ళోనూ ఒక పెద్దాయన ఉన్నాడు. నేను ఇంతసేపూ పోట్లాడింది ఆయనతోనే.

నన్ను ఆదుకున్నది గేటు దగ్గరి ఆంటీ. కొన్నవారు కావాలంటే జంతువును తిరిగి ఇచ్చెయ్యొచ్చట, దాన్ని రెండోసారి పాడి, ఆ డబ్బు ఊరి అంబులెన్సుకు ఇస్తారట. "ఇచ్చేస్తాను!" అని అరిచాను. అంత గట్టిగా అరవాల్సిన అవసరం లేదు, ఆవిడ పక్కనే ఉంది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు, నా దాతృత్వానికి అనుకుని. పాప తాడు పట్టుకుని రెండోసారి బరిలోకి వెళ్తూ నా దగ్గర ఆగి, "ఈసారి చేతుల మీద కూర్చో, ప్లీజ్" అంది. కూర్చున్నాను. అయినా నా మీద నమ్మకం చాలక అట్టను అన్న లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు. తెల్లటోపీ ఒక్క వేలు ఎత్తాడు. ఊరంతా చేతులు కట్టుకుని నిలబడింది. మా తెనాలి వీధిలాగే.

ఆదివారం తిండి సయించలేదు. సోమవారం బాస్ ముందు నిలబడి, లడ్డూతో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. పైన ఆరు వందలు నా జీతంలో కోసుకోమన్నాను. ఆయన నవ్వలేదు. నడుం పట్టుకుని మెల్లగా ముందుకు వంగి, పెన్ను తీసి, నా కాగితాల మీద సంతకం పెట్టాడు.

"దూడను లారీ ఎక్కిస్తారని అనుకున్నావు. దాటితే ఉద్యోగం పోతుందని కూడా అనుకున్నావు. అవునా?"

"అవునండీ."

"అయినా ఎత్తావు."

"ఎత్తానండీ."

"మూర్ఖుడివి" అన్నాడు, కాగితాలు నా వైపు తోస్తూ. "వరసగా మూడు శనివారాలు గోదాములో తీగచుట్టలు సర్దు."

సర్దాను. చేతులు గీరుకుపోయాయి. అప్పటి నాలోని ఆ కుర్రాడి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏ విషయమూ కనుక్కోడు, ఎవర్నీ అడగడు, అవసరం లేనివాళ్ళను కాపాడతాడు. ఇప్పుడు నేను అలా కాదు. ముందు కనుక్కుంటాను, లిమిట్ ఎంతో చూసుకుంటాను, ఒక రాత్రి ఆలోచిస్తాను. అలాంటి దూడ ఇవాళ నా ముందుకొస్తే, వ్యవహారం అంతా అర్థమయ్యేసరికి పాట ముగిసిపోయి ఉంటుంది, నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంటుంది. అప్పుడప్పుడు ఆ కుర్రాడి మీద నాకు కాస్త అసూయగా ఉంటుంది.