అక్క నల్లేరు తొట్టి

మొన్న మా కోడలు నర్సరీ నుంచి వేలాడే తొట్టి ఒకటి తెచ్చి వంటింటి కిటికీకి తగిలించింది. బఠాణీలు దారానికి గుచ్చినట్టు కిందికి జారే తీగ అది. దానికి కట్టిన చీటీ పైకి చదివి, నీళ్ళు ఎక్కువ పోస్తే చచ్చిపోతుందట అత్తమ్మా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నాకు ఒక మనిషి ఏనాడో చెప్పింది, నేనే వినలేదు.

ఆమె మా పెద్ద ఏరాలు, అంటే మా ఆయన అన్న భార్య. నేను అక్కా అనేదాన్ని. కల్వకుర్తి పక్క పల్లెలో బావగారూ ఆమే గొర్రెలు పెంచుకుని బతికారు, పిల్లలు లేరు. తెలంగాణ వచ్చిన మరుసటేడు బావగారు పోతే ఆమెను నల్గొండకు మా దగ్గరికి తెచ్చుకున్నాం. బట్టల మూటతో పాటు ఆమె తెచ్చుకున్నది మూరెడు నల్లేరు ముక్క ఒక్కటే, గొర్రెల దొడ్డి కంచె మీద బావగారు స్వయంగా పాకించిన తీగలోది.

పగిలిన కుండలో గరుకు మట్టి పోసి నాటితే రెండేళ్ళలో మా కిరాయి ఇంటి మేడ గ్రిల్లు మీంచి కింది వాకిలి దాకా వేలాడింది. చేతులకు నూనె రాసుకుని (లేకపోతే ఒకటే దురద) లేత కణుపులు తుంచి ఆమె నూరిన పచ్చడి ఉంటే ఆ పూట ఇంకో కూర అడిగేవాళ్ళం కాదు. పదిరోజులకోసారి చెంబెడు నీళ్ళు, అంతే, చుక్క ఎక్కువ పోయనిచ్చేది కాదు. సాయంత్రాలు దాని పక్కనే కూర్చుని బావగారి ముచ్చట్లు చెప్పేది.

ఒక ఎండాకాలం స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గొర్రె కాలిరిగితే నల్లేరు నూరి కట్టేదాన్ని, నాకేమో రాడ్డు ఏసిండ్రని దవాఖానలో కూడా పరాచికాలే. మూడు నెలలు హైదరాబాదులో తన సొంత చెల్లెలింట ఉండాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "నల్లేరు పైలం చెల్లె. నీళ్ళు ఎక్కువ పోయకు" అన్నది.

అప్పుడే మా వీధిలో నల్లా నీళ్ళు పుష్కలంగా రావడం మొదలైంది. బిందె నీళ్ళకు మైలు నడిచిన దాన్ని, ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్ళ చెంబు అందించే ఇంట్లో పుట్టిన దాన్ని. ఎండకు ముడతలు పడిన తీగను చూస్తూ ఊరుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. పొద్దునా మాపునా నీళ్ళు, మధ్యలో బియ్యం కడుగు. పదిహేను రోజుల్లో మొదలు నల్లబడి మెత్తగా కుళ్ళింది. రాలిన కణుపులను తీసి, నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఆ తడిమట్టిలోనే గుచ్చి వాటికీ పోశాను. ఒక్కటీ మిగల్లేదు.

కల్వకుర్తి పోయి మళ్ళీ తెద్దామంటే దొడ్డి జాగాలో అప్పటికే ప్లాట్ల రాళ్ళు పాతారు. కంచే లేదు. ఫోనులో ఆమె అడిగినప్పుడల్లా పచ్చగున్నదక్కా అని అబద్ధం చెప్పాను. చివరికి ఒక ఆదివారం ఆటోలో ఊరి పక్కనున్న పానగల్ పోయి, చెరువు పక్క కంచె మీది నల్లేరు పొడుగు తీగలు కోసుకొచ్చి, అదే కుండలో నాటి గ్రిల్లుకు కట్టేశాను.

కర్ర పట్టుకుని వచ్చిన అక్క ముందు దాని దగ్గరికే పోయింది. కణుపులు ఒక్కొక్కటే తడిమింది. చాయ్ పెట్టమంది. ఆ తర్వాత ఎన్నడూ దాని పక్కన కూర్చుని బావగారి ముచ్చట తీయలేదు.

నెల తర్వాత అనుకుంటా, తాను తాగే చెంబులోని నీళ్ళు నల్లేరు కుండలో వంచుతుంటే చూసి, నీళ్ళెందుకు పోస్తున్నవక్కా అన్నాను నోరు జారి. ఆమె నా వైపు చూడకుండానే, "ఇది నీళ్ళ పక్కన పుట్టింది గద చెల్లె, జరన్ని కావాలె దీనికి" అన్నది.

నాకు అప్పుడే ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు. రేపు చెప్దాం, పండగైనాక చెప్దాం అనుకుంటుండగానే మరుసటి చలికాలంలో ఆమె పోయింది.

ఇప్పుడు సొంతిల్లు, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు, ప్రతి మొక్కకూ ఎన్ని పోయాలో రాసిన చీటీ. మా వెంట తెచ్చుకున్న పానగల్ నల్లేరు ఈ మేడ మీద ఇంకా వేలాడుతూనే ఉంది. చెంబు పట్టుకుని దాని ముందు నిలబడతాను, తప్పయిందక్కా అంటాను. వినవలసిన మనిషి లేదు.