ఊడిపోయిన టైరు పొర

2005లో మా ఆయనకు అనకాపల్లిలో అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పొర అతికించే షాపు ఉండేది. రావికమతంలో మా పుట్టింట్లో నాకు నొప్పులు మొదలవగానే, అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఆయన జీపు తెచ్చారు. దాని టైర్లకు పొర వేసింది తానేనని దారంతా గొప్పలు చెప్పారు.

తుమ్మపాల దగ్గర ఢామ్మని చప్పుడైంది. వెనక టైరు పొర మొత్తం ఊడిపోయి, జీపు చెరకు తోటలోకి దూసుకెళ్లింది. నేను కడుపు పట్టుకుని మూలుగుతుంటే, ఆయన దిగి ఆ పొరను ఆప్యాయంగా నిమురుతున్నారు.

“టైరు గట్టిదేనే. తిరిగి తిరిగి లోపల జిగురు అలిసిపోనాది,” అన్నారు.

“నానూ అలిసిపోనాను. ముందు ఆస్పత్రికి సేర్సండి,” అన్నాను.

అటుగా వచ్చిన ట్రాక్టరెక్కి సమయానికి చేరాం. పాప క్షేమంగా పుట్టింది.

పనితనం మీద నమ్మకం ఉండాల్సిందే. దాన్ని పరీక్షించడానికి నిండు గర్భిణిని ఎక్కించుకోనక్కర్లేదని ఈ పేజీ చదివే భర్తలకు నా మనవి.