గోడలెక్కిన తంగేడు పూలు

ఆ రోజుల్లో నాకు లోకంలోని ప్రతి ఇబ్బందీ ఒక డ్రాయింగు గీస్తే తీరిపోతుందనిపించేది. సివిల్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది. పర్ణశాల రోడ్డులో ఒక కల్వర్టు పని దగ్గర సూపర్‌వైజరుగా కుదిరాను. (సూపర్‌వైజరంటే సిమెంటు బస్తాలకు కాపలా అని మా చెల్లె వచ్చినవాళ్లందరికీ విడమరిచి చెప్పేది.) చెవి మీద పెన్సిలు, జేబులో టేపు. అంత ధీమా తర్వాతెప్పుడూ నా దగ్గర నిలవలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు బంధువులంతా మొదటిసారి మా ఇంటికి వస్తామన్నారు. అంతవరకు ఎప్పుడూ ఖమ్మంలో మా పెద్ద మేనత్త ఇంట్లోనే కలిసేవాళ్లం. ఆమె ఇల్లంతా అద్దంలాంటి నున్నటి రాయి. మా ఇంటికి స్లాబు పడింది గానీ గోడలకు ప్లాస్టరింగు కాలేదు. "మా తమ్ముని ఇల్లు ఇంకా బట్టలు తొడుక్కోలే" అని అత్త ఒకసారి నలుగురిలో అన్నదట. అమ్మ ఆ మాట మరిచిపోలేదు. పండగ ముందు రోజు నన్ను పిలిచి, "రేపటికి గోడలు కనబడకుంట ఏమన్న చెయ్యి బిడ్డా. పైసలు మాత్రం అడగకు" అంది.

నేను మెటీరియల్ గురించి ఆలోచించాను. రంగు కాగితాలు వానకు కారిపోతాయి. సీరియల్ లైట్లు పెడదామంటే కరెంటును నమ్మలేం. చీరలు వేలాడదీద్దామంటే చెల్లె బీరువా తాళం దాచేసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఊరు దాటితే చెలక గట్ల మీద తంగేడు విరగబూసి ఉంది, గునుగు తెల్లగా ఊగుతోంది. ఖర్చు లేదు, రవాణా లేదు. మరి బతుకమ్మకు పూలు వద్దా అంటారేమో. ఆ సంగతీ నేను ఆలోచించాను. ప్రతి ఏడూ అత్తే మార్కెట్టు నుంచి తెప్పించేది కాబట్టి ఈసారీ ఆమెతోనే వస్తాయని తేల్చుకున్నాను. గోనెసంచులతో బయల్దేరిన నన్ను చూసి అమ్మేమో, కొడుకు బతుకమ్మకే పూలు తెస్తున్నాడని మురిసిపోయిందట. ఇద్దరం నోరు విప్పి ఒకరినొకరం అడగలేదు.

మర్నాడు అమ్మా చెల్లే అత్త వాళ్లను తీసుకురావడానికి ఆటోలో భద్రాచలం బస్టాండుకు వెళ్లారు. ఇల్లు నాకు దక్కింది. ఇటుకల సందుల్లో మేకులు కొట్టి, సైటులో మిగిలిన బైండింగ్ వైరుతో, పిల్లరు చువ్వలకు రింగులు కట్టినట్టు సమాన దూరంలో పూలకట్టలు బిగించాను. నాన్న వచ్చి చూసి, "స్లాబుకు గూడ గింత వైరు పట్టలేదురా" అని కుర్చీ వెతుక్కున్నాడు.

ఆటో ఆగింది, బంధువులంతా దిగారు. అత్త గుమ్మంలో నిలబడి గోడలన్నీ కలయజూసింది. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"మంచిగనే ఉన్నది అల్లుడా. మరి బతుకమ్మ పూలేవి?"

"నువ్వు తేలేదా అత్తా?"

"అడివి పక్కన ఉన్నోళ్ల ఇంటికి పూలు మోసుకొస్తరా ఎవలన్న?"

అమ్మ నా వైపు చూసింది. (ఆ చూపుకు ఏ ఇంజినీరింగు కోడులోనూ సేఫ్టీ ఫ్యాక్టరు లేదు.) అప్పటికే వాన మొదలైంది, వాగు రోడ్డెక్కింది, దగ్గరి గట్లన్నీ నేనే దులిపేశాను. అమ్మ వంటింట్లోకి పోయింది. వెనకే వెళ్లి, గోడల మీది పూలు తీసేద్దామన్నాను.

"మేకులకు కట్టిన పూలు అమ్మవారికి పెడ్తరారా? ఇంటికి పిలిచి బతుకమ్మ లేకుంట వదిన ముందర ఎట్ల కూసోవాలె నేను?" అంది అమ్మ.

ముందు గది నుంచి అత్త గొంతు వినిపించింది. "గుమ్మానికి కట్టిన పూలు పనికిరాకుంటే, అమ్మవారు లోపలికి ఎట్ల వస్తదే? తాంబాలం పట్కరా పిల్లా. అల్లుడా, నువ్వు వైరు విప్పు."

కట్టినంత తేలిక కాదు విప్పడం. నేను కటింగ్ ప్లేయరుతో ముందు నడుస్తుంటే, రాలిన కట్టలను అందరూ చాప మీద కూర్చుని ఒళ్లో పోసుకుని చిక్కు తీశారు. "గీ ముడులు చూస్తే నీకు పిల్లనిచ్చేటోడు ఆలోచన చేస్తడు" అంది అత్త. "ఇచ్చినంక పిల్లను విప్పుకపోలేడు గద వదినా" అంది అమ్మ. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు. వాడిపోయిన తంగేడు లోపలికి, నిలదొక్కుకున్నది అంచులకు. వరస మీద వరసగా బతుకమ్మ లేచింది.

సాయంత్రానికి గోడలు మళ్లీ ఎర్రగా, పైగా మేకులతో, బట్టబయలైనాయి. అమ్మ ఓరగా అత్తను చూసింది. అత్త ఆ ఇటుకలకే వీపు ఆనించి కాళ్లు చాపుకుని, "చల్లగున్నది మరదలా. మా రాయి మీద జరంతసేపు కూసుంటే నడుము పట్టేస్తది" అంది. అమ్మ చేతిలోని పూలు పక్కన పెట్టి, వెళ్లి ఆమె పక్కన అదే గోడకు ఆనుకుని కూర్చుంది.

వాన వెలిశాక ఆడవాళ్లు కొంచెం ఒక పక్కకు ఒరిగిన బతుకమ్మను ఎత్తుకుని వెళ్లారు. ఇంటి దగ్గర మిగిలిన ఆ కుర్రాడు, అప్పటి నేను, స్టూలెక్కి ఒక్కో మేకూ పీకుతూ, వచ్చే ఏడు ఇంకా బాగా ఎలా కట్టాలో అప్పుడే కొలతలు వేసుకుంటున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే వాణ్ణి తిట్టాలనిపించదు. స్టూలు మీంచి దింపి, చేతులు కడిగించి, పండక్కి కలిపిన చింతపండు సద్ది ఒక ముద్ద పెట్టి, "పోరా, వాళ్లతో పాటు పోయి చూడు" అని పంపాలనిపిస్తుంది.